దసరాకి ఇంజిన్ చప్పుడు, సంక్రాంతి దాటాకే రంగు

ప్రశ్న: మాది బెంగళూరు, హొరమావు. మా మామగారికి దేవనహళ్లి దగ్గర ద్రాక్ష తోట ఉండేది. 2002లో కొన్న మిత్సుబిషి శక్తి చిన్న ట్రాక్టరు, మందు కొట్టడానికీ వరసల మధ్య దున్నడానికీ వాడినది, తొమ్మిదేళ్లుగా రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. తోట పోయింది, అర ఎకరం మిగిలింది, అందులో కూరగాయలు వేసుకుంటున్నాం. మామగారికి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు. ఆయుధ పూజ నాటికి దానికి కొత్త రంగు వేయించి ఆయన ముందు నిలబెట్టాలని నా కోరిక. ఇంకా ఆరు వారాలుంది. దగ్గర్లో ఒక పెయింటరు రెండు రోజుల్లో కొట్టేస్తా, పాతిక వేలు అన్నాడు. అసలు రంగు ఏదో కూడా ఇప్పుడు తెలియడం లేదు, మధ్యలో ఎవరో నీలం పూశారు. మా బాబు మిలిటరీ ఆకుపచ్చే కావాలంటున్నాడు. ఇంకో సంగతి, బానెట్ పక్కన మా ఆవిడ చిన్నప్పటి ముద్దు పేరు చేత్తో రాయించి ఉంది, దాన్ని ఏం చేయాలో తోచడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం:

ముందు ఒక మాట. పెయింటరుకి అడ్వాన్స్ ఇవ్వకండి. ఆరు వారాల్లో ఆ ట్రాక్టరును నడిపించవచ్చు, కానీ రంగు వేసి నిలబెట్టడం కుదరదు. ఎవరైనా కుదిర్చి చూపించినా ఆ రంగు రెండో వానాకాలం చూడదు. మీరు రెండు పనుల్ని కలిపి ఒకే పనిలా చూస్తున్నారు, వాటిని విడదీయండి. దసరాకి బండి స్టార్ట్ అవ్వాలి, షెడ్డులోంచి తన చక్రాల మీద తాను బయటికి రావాలి, మామగారు ఆ చప్పుడు వినాలి. రంగు సంగతి సంక్రాంతి దాటాక చూద్దాం.

సంక్రాంతి దాకా ఎందుకంటే, బెంగళూరులో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, మీరు సరిగ్గా ఆ నెలల్లోనే రేకుల షెడ్డులో రంగు కొట్టే గన్ను పట్టిద్దామంటున్నారు. గాలిలో తేమ ఉన్నప్పుడు ఇనుము మీద కంటికి కనపడని చెమ్మ చేరుతుంది, కంప్రెసర్ గొట్టంలోనూ నీళ్లు చేరతాయి, ఆ నీళ్లు రంగుతో కలిసి రేకు మీద పడతాయి. ఎండిన రోజు మెరుస్తుంది, తర్వాత మబ్బు పట్టినట్టు తెల్లబారుతుంది, ఆ తర్వాత బొబ్బలు. జనవరి చివరి నుంచి మార్చి దాకా ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, ఇనుము నిజంగా ఎండుతుంది. ఆ రోజుల్లో కూడా పొద్దున మంచు ఆరిపోయాక, ఓ తొమ్మిదింటి నుంచి పన్నెండు లోపల కొట్టాలి. సాయంత్రం కొడితే పురుగులొచ్చి తడి రంగు మీద అతుక్కుంటాయి, వాటిని తీయబోతే వేలిముద్ర మిగులుతుంది.

ఇక ఇంజిన్. తొమ్మిదేళ్లు నిలబడిన డీజిల్ ఇంజిన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం తప్పు, తాడు కట్టి లాగడం అంతకంటే పెద్ద తప్పు. సిలిండర్ గోడలకి రింగులు తుప్పుతో అంటుకుని ఉంటే ఆ బలానికి రింగులు విరుగుతాయి, అప్పుడు వెయ్యి రూపాయల పని కాస్తా ఇంజిన్ మొత్తం విప్పే పని అవుతుంది. మెకానిక్ చేత ఇంజెక్టర్లు విప్పించండి. మూడు సిలిండర్లలోకీ సగం డీజిల్, సగం ఆటోమేటిక్ కార్ల గేర్ బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ కలిపి రెండేసి చెంచాలు పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తోనే మెల్లగా తిప్పి చూడాలి, తిరగకపోతే మళ్లీ పోసి మళ్లీ ఆగాలి, అంతేగాని పానాకి పైపు తొడిగి బలం పెట్టకూడదు. తిరగడం మొదలయ్యాక ఇంజెక్టర్లు బిగించకుండానే నాలుగైదు సార్లు తిప్పి లోపల పోసింది బయటికి వచ్చేయనివ్వండి, ఎందుకంటే ద్రవం నొక్కుకుపోదు, సిలిండర్‌లో అది ఉండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

పాత ఆయిల్ ఎలాగూ తీసేస్తారు, తీసేటప్పుడు రంగు చూడండి, పాలు కలిసిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు, అప్పుడు ముందుకు పోకుండా మెకానిక్‌తో కూర్చుని మాట్లాడాలి. ట్యాంకులో తొమ్మిదేళ్ల డీజిల్ అడుగున మడ్డి కట్టి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసి, ట్యాంకు కడిగి ఆరబెట్టి, ఫిల్టర్ మార్చి, కొత్త డీజిల్ పోసి గొట్టాల్లో చిక్కిన ఎయిర్ తీయాలి. క్లచ్ కూడా అంటుకుని ఉండొచ్చు, పెడల్‌ని తొక్కిపట్టి ఓ కర్ర అడ్డం పెట్టి నాలుగు రోజులు వదిలితే చాలాసార్లు వదులుతుంది.

స్టార్ట్ చేసే రోజు ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇన్నేళ్లు కదలని డీజిల్ పంపులో రాక్, అంటే ఎంత డీజిల్ పోవాలో అదుపు చేసే కడ్డీ, తుప్పు పట్టి తెరుచుకున్న చోటే ఆగిపోయి ఉండొచ్చు, అప్పుడు ఇంజిన్ అందుకున్న మరుక్షణం రేజ్ అయిపోతుంది, స్టాప్ లాగినా ఆగదు, అలా వదిలేస్తే నిమిషంలో పగిలిపోతుంది. అందుకని ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పేసి, గాలి పీల్చే నోటికి సరిపోయే ప్లైవుడ్ ముక్క చేతిలో పట్టుకుని ఒక మనిషి అక్కడే నిలబడాలి, అదుపు తప్పగానే మూసేయాలి. గాలి అందకపోతే డీజిల్ ఇంజిన్ ఆగి తీరుతుంది. అరచెయ్యి పెట్టకూడదు, గుడ్డ అసలే వద్దు, లోపలికి లాగేసుకుంటుంది. పంపు ముందే విప్పి డీజిల్ పంపులు బాగుచేసే షాపులో చూపిస్తే ఈ టెన్షనే ఉండదు, నా సలహా అదే. బాబుని ఆ రోజు దూరంగా నిలబెట్టండి.

విడిభాగాల గురించి భయపడకండి. మీ శక్తి ట్రాక్టరు తయారుచేసిన వీఎస్‌టీ మన బెంగళూరు కంపెనీయే, 1967లో జపాన్ మిత్సుబిషితో కలిసి మొదలైంది, మీ 18.5 హార్స్‌పవర్ మోడల్ చాలా ఏళ్లు అమ్ముడైంది కాబట్టి ఫిల్టర్లు, సీళ్లు, గాస్కెట్లు దొరుకుతాయి. బేరింగులు, బెల్టులు, హోసుల లాంటివి కలాసిపాళ్యం, జె.సి. రోడ్డు వైపు వెతకండి, పాత ముక్క చేతిలో పట్టుకునే వెళ్లండి. టైర్లు పగుళ్లిచ్చి ఉంటే మార్చాల్సిందే, కానీ ఈ బండి నాలుగు చక్రాలూ లాగేది, ముందు టైరు సైజుకీ వెనక టైరు సైజుకీ ఒక లెక్క ఉంటుంది, చవగ్గా దొరికిందని ముందు వేరే సైజు వేస్తే ఆ భారమంతా గేర్ల మీద పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ద్రాక్ష తోట. మీ మామగారు ఈ ట్రాక్టరుతో మందు కొట్టారన్నారు. ద్రాక్షకి బూజు తెగులు రాకుండా కొట్టేది బోర్డో మిశ్రమం, ఒక శాతం మిశ్రమమంటే 100 లీటర్ల నీళ్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. కలిపాక రైతులు కొడవలి మొనో కత్తో అందులో ముంచి చూస్తారు, ఇనుము మీద ఎర్రగా రాగి పూత దిగితే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త కలుపుతారు. మీ మామగారిని అడగండి, ఆయన కొన్ని వందల సార్లు అలా చూసి ఉంటారు. కొడవలి మీద జరిగేదే ట్రాక్టరు మీదా జరుగుతుంది. రాగి దిగిన చోట ఇనుము కరుగుతుంది. మడ్‌గార్డు మడతల్లో, బోల్టుల తలల చుట్టూ, సీటు కింద, స్ప్రేయర్ తగిలించే చోట నీలం ఆకుపచ్చ కలిసిన మరకలు ఉంటే అవి అవే. వాటి మీద ఎంత ఖరీదైన రంగు వేసినా లాభం లేదు, ఎందుకంటే కింద మిగిలిన ఆ మందు ఉప్పు రంగు పొరలోంచి కూడా చెమ్మను లాక్కుంటుంది, లోపలే నీటి బొట్టు కట్టి రంగును పైకి లేపుతుంది. మా నాన్న ట్రైలర్‌కి నేనొకసారి వానల్లోనే రంగు వేయించాను, పెయింటరు పైపైన ఎమరీ రుద్ది కొట్టేశాడు, నేనూ పక్కనుండి చూసుకోలేదు. సరిగ్గా యూరియా సంచులు మోసిన చోటల్లా మూడు నెలల్లో బొబ్బలు లేచాయి, మిగతా చోట్ల బాగానే ఉంది. అంటుకున్న మందుల్నీ ఎరువుల్నీ కడగకపోతే ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది.

అందుకే మీ పెయింటరుని రంగు కంపెనీ పేరు అడగకండి, రెండు రోజుల్లో ఎన్ని గంటలు కడగడానికి, ఎన్ని గంటలు రుద్దడానికి అని అడగండి. సమాధానం చెప్పలేకపోతే వేరే మనిషిని చూసుకోండి. నిజానికి ఈ కడిగే, రుద్దే పని మీరే చేసుకోవచ్చు, దసరా నుంచి సంక్రాంతి దాకా ఆదివారాలన్నీ మీవే. విప్పే ముందు ప్రతిదాన్నీ ఫోనులో ఫోటో తీయండి, బోల్టులు ఎక్కడివక్కడే చిన్న కవర్లలో వేసి పేరు రాయండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిల్‌తోనే బ్రష్ పెట్టి జిడ్డు కరిగించి, పాత చాకుతో గీకి, సర్ఫు నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ మళ్లీ కడగండి. మడతల్లో, సందుల్లో పైపుతో నీళ్లు పారించండి. రేడియేటర్‌కీ, డైనమోకీ, సెల్ఫ్ మోటార్‌కీ కవర్లు కట్టి కడగండి. బ్యాటరీ కూర్చునే తట్ట దగ్గర వంట సోడా కలిపిన నీళ్లు పోయండి, నురగ ఆగేదాకా. శుభ్రం అయిందో లేదో తెలుసుకోవడానికి రేకు మీద నీళ్లు చల్లి చూడండి. నీళ్లు పల్చగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, తామరాకు మీద బొట్లలా దొర్లితే ఇంకా ఉన్నట్టు.

తుప్పుకి వైర్ బ్రష్, గ్రైండర్‌కి తగిలించే వైర్ కప్పు చాలావరకు సరిపోతాయి. చిన్న చిన్న ఇనప ముక్కల్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బ్రష్ చేసి, కడిగి వెంటనే ఆరబెట్టండి. చక్రాల రిమ్ములు బ్లాస్టింగ్‌కి, అంటే ఇసుక లాంటి రేణువుల్ని గాలితో కొట్టి తుప్పు తీయడానికి, పీణ్య పారిశ్రామికవాడలో ఇవ్వొచ్చు, పౌడర్ కోటింగ్ కూడా అక్కడే వేయించుకోవచ్చు, రిమ్ములకి అది చాలా బాగా నిలుస్తుంది. కానీ బానెట్ లాంటి పల్చటి రేకుని బ్లాస్టింగ్‌కి ఇస్తే వంకర తిరుగుతుంది, ఇంజిన్‌నీ గేర్ బాక్సునీ అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి, ఒక్క రేణువు సీలు దాటి లోపలికి పోయినా బేరింగులకి చేటు.

పాత రంగుని మాత్రం పొడిగా రుద్దకండి. పాత బండ్ల పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో సీసం వాడేవారు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకి 90) మించకూడదని ప్రభుత్వం తెచ్చిన నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అదీ ఇళ్ల రంగులకే గాని యంత్రాల రంగులకి కాదు. మీ బండి 2002ది, పైన పూసిన నీలంలో ఏముందో ఎవరికీ తెలియదు. రంగు ఉన్నచోట వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, ఊడిన పొట్టునంతా గోనె మీదకి రాలనిచ్చి చుట్టి పారేయండి, కూరగాయల మడిలో పడనివ్వకండి. బాబుకి సాయం చేయాలని ఉంటుంది, వాడికి బోల్టుల కవర్ల మీద పేర్లు రాసే పని ఇవ్వండి.

రుద్దేసిన ఇనుముని ఆ రోజే ప్రైమర్ కిందకి తేవాలి, రాత్రి దాటితే మళ్లీ ఎర్రబడుతుంది. నేనైతే ఎపాక్సీ ప్రైమరే వేస్తాను, రెండు డబ్బాలు కలిపి కొట్టేది. రెడ్ ఆక్సైడ్ చవక, గేట్లకి చాలు, కానీ అది నీటిని పీల్చుకుంటుంది, పైన రంగు పడేలోపు నాలుగు రోజులు మంచులో ఉంటే కింద తుప్పు మొదలైనట్టే. సొట్టలకి పుట్టీ పల్చగానే పెట్టించండి. చాలామంది లప్పం దట్టంగా పూసి తుప్పు చిల్లుల్ని కప్పేస్తారు, అది అదురుకి రాలిపోతుంది, చిల్లు ఉంటే కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి.

పైన ఏ రంగు అంటే, పని చేసే బండికి మంచి సింథటిక్ ఎనామిల్ చాలని నా గట్టి అభిప్రాయం. పీయూ (పాలీయురేథేన్) రంగు మెరుపు ఎక్కువ, డీజిల్ పడినా చెక్కు చెదరదు, కాదనను. కానీ అందులో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, గన్నులోంచి వచ్చే ఆ తుంపర పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆగదు. పీయూనే కావాలంటే విప్పిన రేకుల్ని రంగు కొట్టే బూత్ ఉన్న కార్ల వర్క్‌షాపుకి పంపండి, ఇంటి దగ్గర వద్దు. ఎనామిల్ అయితే చాసిస్‌కీ, ఇంజిన్‌కీ బ్రష్‌తో మీరే వేయొచ్చు, బానెట్, మడ్‌గార్డులు మాత్రం గన్నుతో మూడు పల్చటి కోట్లు. సైలెన్సర్‌కి ఈ రంగు వేస్తే మాడిపోతుంది, వేడిని తట్టుకునే అల్యూమినియం రంగు వేరేగా దొరుకుతుంది. గ్రీజు నిపిళ్లు, హైడ్రాలిక్ రాడ్లు, రబ్బరు గొట్టాలు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, వీటన్నిటి మీదా ముందే టేపు వేయండి. ఎర్త్ వైరు బిగించే చోట కూడా. రంగు వేశాక బండి స్టార్ట్ కాక కట్ కట్ మంటుంటే చాలాసార్లు కారణం అదే, ఎర్త్ కింద రంగు పొర.

అసలు రంగు దొరుకుతుంది. డ్యాష్‌బోర్డు వెనక, ట్యాంకు పట్టీల కింద, బానెట్ లోపలి మూలల్లో చూడండి, నీలం పూసినవాళ్లు అంత లోపలికి పోయి ఉండరు. రాయి ఎత్తి చూసినట్టు ఒక్కో పట్టీ విప్పి చూడండి, ఎండ తగలని చోట ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంటుంది. ఆ ముక్కనే తీసుకెళ్తే మిక్సింగ్ మెషీను ఉన్న రంగుల షాపులో దగ్గరగా కలిపిస్తారు. ఒకేసారి కలిపించుకోండి, రెండోసారి కలిపితే కొద్దిగానైనా తేడా వస్తుంది.

మిలిటరీ ఆకుపచ్చ కుదరదని బాబుకి చెప్పండి, కారణంతో సహా చెప్పండి, పిల్లలకి ఇలాంటివి నచ్చుతాయి. సైన్యం బండ్లకి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ఉంది. అలాగే ఆర్‌సీ తీసి చూడండి. 2002 బండి కాబట్టి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2017లోనే అయిపోయింది, రెన్యువల్ చేయించారో లేదో కనుక్కోండి, అందులో రాసిన రంగుకి తిరిగి వెళ్తే ఆర్టీఓలో మార్పించే పని కూడా తప్పుతుంది. ఆ పేపరులోనే అసలు రంగు రాసి ఉంటుంది, ముందు అదే చూడండి.

ఇక బానెట్ మీద మీ ఆవిడ పేరు. దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. నీలం పూసిన మనిషి కూడా ఆ పేరుని వదిలేసి చుట్టూ పూశాడంటే ఎవరో పక్కన నిలబడి చెప్పి ఉంటారు. దాన్ని చెరిపి, కొత్త రంగు వేసి, స్టిక్కర్ కోయించి అంటించడం మాత్రం వద్దు. రెండు దారులున్నాయి. ఒకటి, ఆ పక్క రేకుని అలాగే ఉంచి, మెత్తటి గుడ్డతో సబ్బు నీళ్లు పెట్టి తుడిచి, చుట్టూ టేపు వేసి మిగతాది మాత్రమే రంగు వేయడం, పాతదీ కొత్తదీ కలిసే గీత కనిపిస్తుంది, కనిపించనివ్వండి. పైన క్లియర్ కోటింగ్ వేయాలనిపిస్తే ముందు ఒక అక్షరం చివర చుక్కంత రాసి చూడండి, చేత్తో రాసిన ఎనామిల్ కొన్ని థిన్నర్లకి ముడతలు పడి లేచిపోతుంది. రెండోది, ఆ అక్షరాల్ని కాగితం మీదకి ఎత్తుకుని, కొత్త రంగు మీద బోర్డులు రాసే ఆర్టిస్టు చేత అదే వంకరతో, అదే సైజులో మళ్లీ రాయించడం. బెంగళూరులో చేత్తో రాసేవాళ్లు తగ్గారు గాని లారీలకి రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, కలాసిపాళ్యంలో అడిగితే చూపిస్తారు. నా మనసు మొదటి దాని వైపే ఉంది. కానీ తేల్చాల్సింది నేనూ కాదు, మీరూ కాదు. ఆ పేరు రాయించింది మామగారు, పేరు మీ ఆవిడది. దసరా రోజు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిగి, ఇంజిన్ ఆడుతూ ఉండగా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

ట్రేసింగ్ పేపరు మాత్రం అంతదాకా ఆగకుండా ఈ ఆదివారమే తీసుకెళ్లండి. అక్షరాల మీద పరిచి పెన్సిలుతో ఎత్తుకోండి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, ఆ తర్వాతే షెడ్డులో వేరే ఏ పనైనా మొదలుపెట్టండి.